ఎక్కువున్నవాటిని తగ్గించే పని

పప్పు పంటల జన్యువులను క్లోన్లుగా పోగుచేసి దాచే పనిలోనే నా ఉద్యోగం చాలావరకు గడిచింది. ఇప్పుడు ల్యాబుల్లో చేరే పిల్లలకు సీడీఎన్ఏ (ఎంఆర్ఎన్ఏకు డీఎన్ఏ ప్రతి) లైబ్రరీ అంటే సీక్వెన్సింగ్ కంపెనీకి కొరియర్లో పంపే చిన్న ట్యూబు. మాకది నెలల తరబడి సాగే పని. అందులోనూ మెలికలెక్కువ ఉన్నది నార్మలైజేషన్. లైబ్రరీలో కొన్ని జన్యువులవి వేల ప్రతులుంటాయి, కొన్నింటివి ఒకటీ అరా ఉంటాయి. ఆ ఎచ్చుతగ్గులను తగ్గించి అన్నిటికీ దాదాపు సమానమైన చోటు ఇవ్వడమే నార్మలైజేషన్. ఇది తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. చేయక తప్పనివాళ్లు కిట్‌తో వచ్చిన కాగితం ముందు పెట్టుకుని చేస్తున్నారు. ఆ కాగితంలో ఎంత వేడి, ఎన్ని గంటలు అని ఉంటుంది గానీ ఎందుకు అన్నది ఉండదు. ఆ ‘ఎందుకు’ అడిగినవాళ్లకు నేను చెబుతూ వచ్చిన మాటలివి.

1. పిపెట్ కంటే ముందు కాగితం, పెన్సిల్ తీయండి.

కణంలో ఎంఆర్ఎన్ఏలన్నీ ఒకే మోతాదులో ఉండవని 1970ల్లోనే తేలిపోయింది. సాధారణ జంతు కణంలో పది పదిహేను రకాలే మొత్తం ఎంఆర్ఎన్ఏలో 10 నుంచి 20 శాతం ఆక్రమిస్తాయి. ఆ తర్వాత వెయ్యి, రెండు వేల రకాలకు ఒక 40-45 శాతం పోతుంది. మిగిలిన 40-45 శాతంలో 15,000 నుంచి 20,000 రకాలు సర్దుకోవాలి. పాఠ్యపుస్తకాల్లో కనబడే ఈ అంకెలు మొక్కలకు అచ్చంగా ఇలాగే వర్తించవు గానీ తీరు ఇదే. ఆకు నుంచి లైబ్రరీ చేస్తే రుబిస్కో చిన్న ఉపభాగం, క్లోరోఫిల్‌ను పట్టి ఉంచే ప్రొటీన్లు పదే పదే ఎదురవుతాయి. ముదురుతున్న గింజ నుంచి చేస్తే నిల్వ ప్రొటీన్ల జన్యువులు తప్ప ఇంకేమీ లేవా అనిపిస్తుంది.

ఇక లెక్క. లక్షకు ఒకటి చొప్పున ఉన్న ఎంఆర్ఎన్ఏ ఒక్కసారైనా చేతికి రావాలి, ఆ నమ్మకం 99 శాతం ఉండాలి అనుకుందాం. క్లార్క్, కార్బన్ 1976లో ఇచ్చిన సూత్రం ప్రకారం దాదాపు 4,60,000 క్లోన్లు తీయాలి. 96 గుంటల ప్లేట్లలో పెడితే 4,800 ప్లేట్లు. అవే జన్యువులు 20,000, అన్నీ సమానంగా ఉన్నాయి అనుకుంటే 92,000 క్లోన్లతో సరిపోతుంది. అయిదో వంతు. పూర్తి సమానత్వం ఎప్పుడూ రాదు కాబట్టి నిజంలో లాభం ఇంతకన్నా తక్కువే. అయినా ఒక్కో క్లోనును ఒక్కోటిగా శాంగర్ పద్ధతిలో చదివే రోజుల్లో ఈ తేడా మీదే ప్రాజెక్టు నిలిచేది, పడేది. 1991లో అమెరికాలోని ఎన్ఐహెచ్‌లో వెంటర్ బృందం మానవ మెదడు సీడీఎన్ఏల నుంచి ఈఎస్‌టీలు (ఒక్కో క్లోను నుంచి చదివిన చిన్న తునకలు) చదివి ప్రచురించాక లోకమంతా ఆ బాట పట్టింది. చదివినకొద్దీ చదివినవే మళ్లీ రావడం కూడా అందరికీ ఎదురైంది.

2. సమం చేసేది మీరు కాదు, కలయికల వేగం.

ఈ పాఠం తలకెక్కితే మిగతావి వాటంతటవే తెలుస్తాయి, అందుకే దీని దగ్గర కొంచెం ఆగుతాను.

జంటపోగు డీఎన్ఏను వేడిచేస్తే రెండు పోగులూ విడిపోతాయి. చల్లబరిస్తే ప్రతి పోగూ తన జతను వెతుక్కుంటుంది. వెతకడమంటే ద్రవంలో అటూ ఇటూ తిరుగుతూ ఢీకొనడమే. తిరునాళ్లలో ఒకే ఊరి నుంచి వెయ్యి మంది వస్తే వాళ్లు అడుగడుక్కీ ఒకరికొకరు తారసపడతారు, ఇంకో ఊరి నుంచి ఇద్దరే వచ్చి తప్పిపోతే చీకటి పడేదాకా కలవరు. ప్రతులు ఎక్కువున్న జన్యువు పోగులు తొందరగా జతకడతాయి, అరుదైనవి ఒంటిగా మిగులుతాయి. జతకట్టినవాటిని తీసేసి ఒంటిపోగులనే ఉంచుకుంటే ఎక్కువున్నవి తగ్గుతాయి. ఈ కలయికల లెక్కను రాయ్ బ్రిటన్, డేవిడ్ కోహ్నే 1968లో ‘సైన్స్’ పత్రికలో పెట్టారు. మొదటి గాఢతను కాలంతో గుణిస్తే వచ్చేదాన్నే ల్యాబుల్లో ‘కాట్’ అంటారు. వాళ్లు దీన్ని జన్యుసముదాయంలో పదే పదే వచ్చే భాగాలను కనిపెట్టడానికి వాడారు. లైబ్రరీని సమం చేయడానికి పనికొస్తుందన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

అంకెల్లో చూస్తే ఇదెంత అందమైన లెక్కో తెలుస్తుంది. ఒక జన్యువు గాఢత 1000, ఇంకోదానిది 10, మరోదానిది 1, చివరిది 0.1. మొదటికీ చివరికీ పదివేల రెట్ల తేడా. చర్య కొంతసేపు జరిగాక ఒంటిగా మిగిలేది ఎంతంటే, మొదటి గాఢతను ‘ఒకటి కలిపిన గాఢత’తో భాగించినంత. (వేగాన్నీ కాలాన్నీ గుణిస్తే ఒకటి వచ్చేదాకా నడిపామనుకుంటున్నాను.) 1000 ఉన్నది 0.999కి దిగుతుంది. 10 ఉన్నది 0.91కి, 1 ఉన్నది సగానికి. 0.1 ఉన్నది 0.09 దగ్గర దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. పదివేల రెట్ల తేడా పదకొండు రెట్లకు వచ్చింది. ఏది ఎక్కువో ఏది తక్కువో మనకు ముందుగా తెలియనక్కర్లేదు. ఒక్క ప్రోబూ వేయలేదు, ఒక్క జన్యువు పేరూ అడగలేదు. జీవశాస్త్రంలో ఇంత తక్కువ సమాచారంతో ఇంత పని చేసే ఉపాయాలు నేను ఎక్కువ చూడలేదు.

3. ఎప్పుడు ఆపాలో ముందే రాసి పెట్టుకోండి.

పై లెక్కనే పది రెట్లు ఎక్కువసేపు నడిపితే? 1000 ఉన్నది 0.1కి, 0.1 ఉన్నది 0.05కి వస్తాయి. తేడా రెండు రెట్లే. ఎంత బాగుందో అనిపిస్తుంది. కానీ ఏ అరుదైన జన్యువు కోసం ఇదంతా మొదలుపెట్టామో అదే సగం పోయింది. ఇంకో పది రెట్లు నడిపితే అన్నీ దాదాపు సమానం. అప్పటికి ఆ అరుదైనదానిలో పదకొండో వంతే మిగులుతుంది. ట్యూబులో ఉన్నదంతా కలిపి చూసినా చాలా కొంచెం. దాన్ని మళ్లీ పెంచాలంటే పీసీఆర్ సైకిళ్లు పెంచాలి. సైకిళ్లు పెంచితే పొట్టి ముక్కలు పొడవైనవాటిని తొక్కేస్తాయి. అంటే సమానత్వం కోసం వెళ్లి మరో రకం అసమానత్వం తెచ్చుకున్నట్టు.

పూర్తిగా సమానం చేసి తీరతామని పట్టుబట్టే పిల్లలతో నేను ఎప్పుడూ వాదించేదాన్ని. పది రెట్ల తేడాలోకి వస్తే చాలు. అంతకన్నా బిగించి లాభం లేదు.

4. జంటపోగులను తీసేసే పద్ధతి మీ నమూనాకు తగ్గట్టు ఎంచుకోండి.

1990లో మినోరు కో చిన్న చిన్న ముక్కలను జతకట్టనిచ్చి ‘సమీకరించిన’ లైబ్రరీ చేశారు. మరుసటి ఏడాది యేల్ విశ్వవిద్యాలయం నుంచి పతంజలి, పరిమూ, వైస్‌మన్ల పని వచ్చింది. ఎక్కువమంది చేతుల్లోకి వెళ్లింది మాత్రం 1994లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బెంటో సోరెస్, ఫాతిమా బొనాల్డో తదితరులు చేసిన పద్ధతి. వాళ్లు శిశువు మెదడు నుంచి చేసిన లైబ్రరీ తీసుకున్నారు. క్లోన్లన్నిటినీ ఒంటిపోగు వలయాలుగా మార్చి, ఒక్కో వలయం మీద చిన్న జత పోగు మాత్రం పోశారు. వేడిచేసి విడదీసి, మళ్లీ కొంత కలవనిచ్చి, హైడ్రాక్సీ అపటైట్ కాలమ్ గుండా పంపారు. ఇది కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజం. తగిన వేడిలో, తగిన ఫాస్ఫేట్ గాఢతలో జంటపోగులను పట్టుకుని ఒంటిపోగులను వదిలేస్తుంది. వదిలేసిన వలయాలను నేరుగా బ్యాక్టీరియాలోకి పంపితే లైబ్రరీ తయారు. పదివేల రెట్ల తేడా పది రెట్లలోపుకు వచ్చిందని వాళ్లు చూపించారు. తర్వాతి సంవత్సరాల్లో మానవ ఈఎస్‌టీల సేకరణ చాలావరకు ఈ బృందం లైబ్రరీల మీదే నడిచింది.

ఆ కాలమ్‌తో వేగడం ఒక వ్యవసాయం. చుట్టూ వేడినీళ్లు తిరుగుతూ 60 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, బఫర్ కూడా అంతే వేడిగా ఉండాలి. కరెంటు కట్ అయిందా, ఆ రోజు పని అంతే సంగతులు.

2000ల్లో పీత వచ్చి మమ్మల్ని గట్టెక్కించింది. కమ్‌చట్కా పీత కాలేయం లాంటి జీర్ణగ్రంథిలో జంటపోగు డీఎన్ఏను మాత్రమే నరికే ఎంజైము ఉందని మాస్కో శాస్త్రవేత్తలు 2002లో ప్రకటించారు. దాన్ని డీఎస్ఎన్ అంటాం. 2004లో అదే బృందం దాంతో సీడీఎన్ఏను సమం చేసే పద్ధతి ఇచ్చింది. కాలమ్ అక్కర్లేదు. సీడీఎన్ఏను వేడిచేసి విడదీసి, 68 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కలవనిచ్చి, ఎంజైము వేస్తే జతకట్టినవి ముక్కలైపోతాయి, మిగిలినవాటిని పీసీఆర్‌తో పెంచుకోవడమే. ఈ ఎంజైముకు ఆ వేడి లెక్కే కాదు, అందుకే ఈ పనికి సరిపోయింది. చలి సముద్రపు పీత కడుపులోని ఎంజైము ఇంత వేడికి తట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతే.

నా సలహా అడిగితే: మీ దగ్గర ఇప్పటికే క్లోన్ల లైబ్రరీ ఉంటే సోరెస్ దారి, ఆర్ఎన్ఏ చేతిలో ఉండి ఇంకా క్లోను చేయకపోతే పీత దారి. జన్యువు మొదలు నుంచి చివరి దాకా పూర్తి నిడివి ముఖ్యమైతే 2000లో జపాన్ రికెన్ సంస్థలో కార్నిన్చి బృందం చేసిన పద్ధతి చదవండి. అక్కడ జత పోగుగా సీడీఎన్ఏకు బదులు బయోటిన్ తగిలించిన ఆర్ఎన్ఏనే వాడారు.

5. అన్నదమ్ముల్లాంటి జన్యువులున్నచోట ఒళ్లు దగ్గర పెట్టుకోండి.

జత వెతుక్కునే పోగుకు జన్యువు పేరు తెలియదు, అక్షరాల పోలికే తెలుసు. ఒకే కుటుంబానికి చెందిన జన్యువుల్లో నడిమి భాగాలు బాగా పోలి ఉంటే అవి ఒకదానితో ఒకటి జతకట్టేస్తాయి. కుటుంబంలో ఒకటి ఎక్కువగా, ఇంకోటి అరుదుగా ఉన్నాయనుకోండి, ఎక్కువున్నదాన్ని తగ్గించే క్రమంలో అరుదైనది కూడా కొట్టుకుపోతుంది. పంట శాస్త్రవేత్తలకు ఇది చిన్న బెడద కాదు. తెగుళ్లను తట్టుకునే జన్యువుల్లో పెద్ద కుటుంబమైన ఎన్‌బీఎస్-ఎల్ఆర్ఆర్‌లో సభ్యులు వందల్లో ఉంటారు, వాటి నడుమ ఒకే తరహా భాగాలుంటాయి. ఎండు తెగులును తట్టుకునే కంది కోసం వెతుకుతూ, వెతికే జన్యువునే పారబోసే ప్రమాదం ఉంది.

సోరెస్ పద్ధతిలో జత పోగును చిన్నదిగా, 3 ప్రైమ్ కొసన మాత్రమే పోసింది అందుకే. ప్రొటీనుకు అర్థం లేని ఆ కొస భాగం అన్నదమ్ముల మధ్య కూడా బాగా తేడాగా ఉంటుంది. పీత పద్ధతిలో పూర్తి పొడవు పోగులు తిరుగుతాయి, నడుమ ఎక్కడ జత కలిసినా అక్కడ నరుకుడే. కొసలు రెండూ కలిసి ఉంటేనే పీసీఆర్‌లో పెరుగుతుంది కాబట్టి నడుమ తెగితే ఆ సీడీఎన్ఏ లేనట్టే. ఒకే జన్యువుకు రెండు మూడు స్ప్లైసింగ్ రూపాలున్నప్పుడూ ఇదే బాధ. అరుదైన రూపానికీ ఎక్కువున్న రూపానికీ ఎక్సాన్లు ఉమ్మడి. ఒకటి పోతే రెండోదీ పోతుంది. స్ప్లైసింగ్ మీద పేపర్ రాయబోతూ డీఎస్ఎన్ వాడానని ఎవరైనా చెబితే నా మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది.

6. చిన్న పనులు.

పాలీ-ఏ తోకలు ఎంత పొడవుంటే అంత చెడు. సంబంధం లేని జన్యువులు కూడా తోకలు పట్టుకుని జతకడతాయి. తోకలను కుదించండి, మిగిలినదాన్ని అడ్డుకునే ఒలిగోలు వేయండి. ఎంజైము బఫర్‌ను ముందే వేడిచేసి ఉంచుకోండి. చల్లటి బఫర్ పోస్తే ఒంటిపోగులు తమలో తామే మడతలు పడతాయి, ఆ మడతలనూ జంటపోగనుకుని ఎంజైము కొరుకుతుంది. ఎంజైమును ఒక్క మోతాదులో వేయకండి. నిండు, సగం, పావు, అసలు వేయనిది అని నాలుగు ట్యూబులు పెట్టండి. పాడైన ఆర్ఎన్ఏతో మొదలుపెట్టకండి.

7. జెల్ చూసి సంతోషపడకండి.

సమం చేయని సీడీఎన్ఏను జెల్ మీద నడిపితే పొగమంచులాంటి స్మియర్ మీద రెండు మూడు మెరిసే బ్యాండ్లు కనిపిస్తాయి. అవే ఆ బలిసిన జన్యువులు. సమం చేశాక బ్యాండ్లు మాయమై స్మియర్ నున్నగా మిగులుతుంది. ఆ నునుపు చూసి అందరూ మెచ్చుకుంటారు. నిజానికి దాన్నిబట్టి ఎక్కువున్నవి తగ్గాయని తెలుస్తుంది, అరుదైనవి మిగిలాయని కాదు. ఒక ప్లేటు నిండా క్లోన్లు తీసి చదివినా అంతే. రుబిస్కో మళ్లీ మళ్లీ రావడం తగ్గితే మంచిదే, కానీ లక్షకు ఒకటి ఉండే జన్యువు 96 క్లోన్లలో ఎక్కడ దొరుకుతుంది?

అందుకని ముందే తెలిసిన అరుదైన జన్యువులు రెండు మూడు ఎంచుకోండి. వాటితో పాటు యాక్టిన్, ఈఎఫ్-1 ఆల్ఫా లాంటి ఎక్కువున్నవి. సమం చేయకముందు, చేశాక ఒకే బరువు సీడీఎన్ఏ తీసుకుని క్యూ-పీసీఆర్ పెట్టండి. మొదటివి పెరగాలి, రెండోవి తగ్గాలి. మా రోజుల్లో ఇదే పరీక్ష నైలాన్ పొర మీదికి కాలనీలను ఎత్తి, పీ-32 ప్రోబుతో ఎక్స్‌రే ఫిల్ము మీద చుక్కలు లెక్కపెట్టి చేసేవాళ్లం. క్యూ-పీసీఆర్ ఉండి కూడా ఈ పరీక్ష చేయకుండా సీక్వెన్సింగ్‌కు పంపడం బద్ధకం తప్ప మరేం కాదు.

8. ఒక లెక్క పోతుందని గుర్తుంచుకోండి.

సమం చేసిన లైబ్రరీలో ఏ జన్యువు ఎన్నిసార్లు దొరికిందన్నదానికి అర్థం లేదు. ఏ జన్యువు ఆకులో ఎంత పని చేస్తోందో తెలిపే సమాచారాన్ని మనం చేజేతులా చెరిపేశాం. ఇంత చిన్న విషయం ఎవరు మరిచిపోతారు అనుకుంటారు. సమం చేసిన లైబ్రరీల నుంచి వచ్చిన ఈఎస్‌టీలను లెక్కపెట్టి, ఎండకు తట్టుకునే మొక్కలో ఈ జన్యువు మూడు రెట్లు పెరిగింది అని రాసిన వ్యాసాలు సమీక్షకు నా దగ్గరికి వచ్చేవి. లైబ్రరీ ఎలా చేశారో మెథడ్స్ భాగంలోనే రాసి ఉండేది, రాసినవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. తిప్పి పంపేదాన్ని.

కాబట్టి అదే ఆర్ఎన్ఏలో కొంత సమం చేయకుండా మైనస్ 80లో దాచండి. ఏవి ఉన్నాయో ఒక ట్యూబు చెబితే, ఏది ఎంతుందో రెండోది చెబుతుంది. రెండు ట్యూబుల మీదా ‘సమం చేసినది’, ‘చేయనిది’ అని తెలుగులోనైనా సరే రాసి ఉంచండి. ఎన్ అనే ఒక్క అక్షరం రాస్తే నాలుగేళ్ల తర్వాత చేరే పిల్లలకు అర్థం కాదు.

9. అసలు ఇప్పుడు అవసరమా?

చాలాసార్లు అవసరం లేదు. కారణం మళ్లీ లెక్కే. ఇప్పుడు ఒక నమూనాకు మూడు కోట్ల రీడ్లు చదివించడం మామూలు. లక్షకు ఒకటి ఉన్న ఎంఆర్ఎన్ఏకు కూడా అందులో మూడు వందల రీడ్లు వస్తాయి. ఒకప్పుడు 4,800 ప్లేట్లు పట్టే పనిని ఇప్పుడు మెషిన్ చేసిపెడుతుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుసముదాయం 2012లో ‘నేచర్ బయోటెక్నాలజీ’లో అచ్చయింది. చదివింది ‘ఆశ’ అనే రకాన్ని, అందులో అంచనా వేసిన జన్యువులు 48,680. అంత పటం చేతిలో ఉన్నప్పుడు, దేనికో ఒక్క జన్యువుకు ఈఎస్‌టీ దొరకలేదని లైబ్రరీని సమం చేయడానికి పూనుకోనక్కర్లేదు.

అడ్డుపడేది ఒకటి రెండు రకాలే అయినప్పుడు కూడా వద్దు. మనిషి రక్తంలో ఎంఆర్ఎన్ఏలో సగానికి పైగా గ్లోబిన్‌దే. దానికి గ్లోబిన్‌ను మాత్రమే పట్టి తీసేసే ప్రోబులున్నాయి. రైబోసోమ్ ఆర్ఎన్ఏకూ అంతే. ఒక్కదాని మీద గురిపెట్టి తీసేస్తే మిగతావాటి నిష్పత్తులు అలాగే ఉంటాయి, ఎనిమిదో పాఠంలో చెప్పిన నష్టం ఉండదు.

అవసరమయ్యే చోటు ఒకటి మిగిలింది. జన్యువు నిడివి మొత్తాన్ని ఒకే రీడ్‌గా చదివే పొడవు రీడ్ల మెషిన్లు వచ్చాయి. వాటిలో రీడ్ల సంఖ్య పొట్టి రీడ్లంత ఉండదు కాబట్టి ఎక్కువున్నవే మళ్లీ చోటంతా తింటాయి. 2017లో ఎడిన్‌బరో దగ్గరి రాస్లిన్ సంస్థవాళ్లు కోడి సీడీఎన్ఏను సమం చేసి పొడవు రీడ్లతో చదివి, జన్యువుల రూపాల్లో కోడి మనిషికి ఏమాత్రం తీసిపోదని చూపించారు. మీ పంటకు జన్యుపటం లేకపోతే, లేదా ఉన్నా అందులో జన్యువుల హద్దులు నమ్మేలా లేకపోతే ఆ దారి పనికొస్తుంది. అన్నదమ్ముల జన్యువుల సంగతి మాత్రం ఇక్కడా తప్పదు.

తేల్చుకోవడానికి ముందు ఒక పని చేయండి. అదే ఆర్ఎన్ఏను సమం చేయకుండా తక్కువ ఖర్చులో కొద్దిపాటి రీడ్లకు చదివించి, అన్నిటికన్నా ఎక్కువున్న పది జన్యువులు ఎంత వాటా తిన్నాయో చూడండి. పావు వంతు లోపే అయితే సమం చేసే ఊసెత్తకుండా ఇంకొన్ని రీడ్లు కొనుక్కోండి. సగం దాటితే, ఆ పదింటి పేర్లు రాసుకుని నా దగ్గరికి రండి, మాట్లాడదాం.